కార్ల కంపెనీ మునిగితే సర్కారు దేన్ని ఒడ్డుకు చేర్చాలి?

హైదరాబాద్ నుంచి ముంబై హైవే పట్టుకుని సంగారెడ్డి, సదాశివపేట దాటి వెళ్తే జహీరాబాద్ వస్తుంది. అక్కడున్న మహీంద్రా ఫ్యాక్టరీ మొదట మహీంద్రాది కాదు. 1980లలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్, జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి తేలికపాటి ట్రక్కుల కోసం పెట్టిన ఆల్విన్ నిస్సాన్ అది. నష్టాల్లో పడి మహీంద్రా చేతికి వెళ్ళింది, కొన్నాళ్ళకు అందులోనే కలిసిపోయింది. ఇవాళ అక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. అసలు ఆల్విన్ సంగతి వేరు. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది, వాచీలు ఆగిపోయాయి, బస్సు బాడీలు ఆగిపోయాయి. కూకట్‌పల్లిలో ఆల్విన్ కాలనీ, మియాపూర్‌లో ఆల్విన్ క్రాస్‌రోడ్స్ అన్న పేర్లు మాత్రం ఉన్నాయి.

ఒకచోట కంపెనీ పోయి ఫ్యాక్టరీ బతికింది. ఇంకోచోట రెండూ పోయాయి. నష్టాల్లో ఉన్న కార్ల కంపెనీని ప్రభుత్వం ఆదుకోవాలా వద్దా అన్న చర్చ ఎప్పుడు లేచినా ఈ రెంటినీ కలగాపులగం చేసేస్తారు. కంపెనీ అంటే వాటాలు, అప్పులు, బోర్డు, బ్రాండు. ఫ్యాక్టరీ అంటే ప్రెస్సులు, పెయింట్ షాపు, పని తెలిసిన మనుషులు, వాళ్ళకు విడిభాగాలు పంపే వందల చిన్న యూనిట్లు, కార్లు కొన్నవాళ్ళకు రాసిచ్చిన వారంటీ. సర్కారు డబ్బు తీయాల్సి వస్తే ఈ రెండో దాని కోసమే తీయాలి, అదీ మొదటిదాంట్లో డబ్బు పెట్టినవాళ్ళు తమ వంతు పోగొట్టుకున్నాకే. మాట చిన్నదే. ఆచరణలో ఎందుకు తేలదో తెలియాలంటే ముందు కార్ల కంపెనీలో డబ్బు తిరిగే తీరు చూడాలి.

900 కోట్ల గొయ్యి 1,800 కోట్లయ్యే లెక్క

మామూలు రోజుల్లో కార్ల కంపెనీకి అందరికంటే ఎక్కువ అప్పిచ్చేది వెండర్లే, అంటే విడిభాగాలు సరఫరా చేసేవాళ్ళే. కారు గేటు దాటి బయల్దేరగానే డీలర్ తరఫున అతని బ్యాంకు సొమ్ము కట్టేస్తుంది. ఆ కారులోని సీటుకు, వైరింగ్ హార్నెస్‌కు, బ్రేక్ డ్రమ్ముకు కంపెనీ డబ్బు కట్టేది 45 రోజులకో, 60 రోజులకో. మధ్యలో వెండర్ల సొమ్ముతోనే బండి నడుస్తుంది. అమ్మకాలు పెరిగినంత కాలం ఇంత సుఖమైన వ్యాపారం లేదు. తగ్గడం మొదలైతే అదే మెడకు చుట్టుకుంటుంది.

లెక్క కోసం ఒక కంపెనీని ఊహించుకుందాం. నెలకు 20,000 కార్లు, ఒక్కోదానికి డీలర్ నుంచి సగటున 6 లక్షలు, అంటే నెలకు 1,200 కోట్లు వస్తాయి. విడిభాగాలకు 900 కోట్లు, చెల్లింపు గడువు 60 రోజులు. జీతాలు, కరెంటు, మిగతా స్థిర ఖర్చులు 150 కోట్లు. పన్నులు, వడ్డీలు పక్కన పెడితే నెలకు 150 కోట్లు మిగులుతాయి.

ఉన్నట్టుండి అమ్మకాలు సగమయ్యాయి. వచ్చేది 600 కోట్లు. కట్టాల్సింది మాత్రం రెండు నెలల కింద తెప్పించిన సరుకుకు 900, స్థిర ఖర్చులు 150. నెలకు 450 కోట్ల లోటు, రెండు నెలలకు 900. మూడో నెల నుంచి సరుకు బిల్లులు కూడా సగమవుతాయి: 450కి 150 కలిపితే 600, వచ్చేదీ 600. లాభం లేకపోయినా కంపెనీ నిలబడుతుంది. మధ్యలో ఆ 900 కోట్లు సర్దగలిగినవాడు దొరకాలి, అంతే.

ఇప్పుడు ఇదే లెక్కలో ఒక పుకారు కలపండి. కంపెనీ పని అయిపోయిందట అన్న మాట బయటికి పొక్కగానే వెండర్లు గడువు ఇవ్వడం మానేసి, నగదు పడితేనే లారీ కదులుతుందంటారు. పాత బిల్లులు 900, కొత్త సరుకుకు అక్కడికక్కడే 450, స్థిర ఖర్చులు 150. మొత్తం 1,500 పోతే వచ్చేది 600. నెలకు 900 లోటు, రెండు నెలలకు 1,800 కోట్లు. అవే కార్లు, అవే అమ్మకాలు. నమ్మకం పోయినందుకు గొయ్యి రెట్టింపయింది. కొనేవాళ్ళు కూడా ఆగిపోతారు. ఏడేళ్ళ లోన్ మీద తీసుకునే బండికి మూడేళ్ళయ్యాక స్పేర్లు దొరకవేమో అన్న అనుమానం పడితే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా బుకింగ్ పడదు. అప్పుడు అమ్మకాలు సగం దగ్గర కూడా ఆగవు.

బట్టల మిల్లు నష్టాల్లో ఏళ్ళ తరబడి ఈడ్వగలదు. కార్ల కంపెనీ వారాల్లో కూలుతుంది. ప్రభుత్వాలకు ఆలోచించుకునే వ్యవధి ఉండకపోవడానికి కారణం ఇదే.

జీడిమెట్ల షెడ్డులో ఏమవుతుంది

పైన చెప్పిన 900 కోట్లు ఒక చోటికి వెళ్ళవు. సీట్లు, హార్నెస్‌ల వంటివి అమర్చి ఇచ్చే పెద్ద వెండర్లకు వెళ్తాయి, వాళ్ళ నుంచి ఫోర్జింగ్, మెషీనింగ్, ప్రెస్ షాపులకు, అక్కడి నుంచి ప్లేటింగ్, హీట్ ట్రీట్‌మెంట్ జాబ్‌వర్క్ చేసే షెడ్లకు. జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో నెలకు కోటి రూపాయల బిల్లు వేసే ప్రెస్ షాపు ఒకటి అనుకుందాం. అందులో 60 లక్షల పని ఒకే పెద్ద వెండర్ ద్వారా మునుగుతున్న కార్ల కంపెనీకి పోతోంది. రెండు నెలల బిల్లులు, 1 కోటి 20 లక్షలు, ఆగిపోయాయి.

జీతాలు 7లోపు ఇవ్వాలి. పీఎఫ్ 15లోపు కట్టాలి. జీఎస్టీ రిటర్న్ 20కి వేయాలి. డబ్బు చేతికొచ్చిందా లేదా అని జీఎస్టీ అడగదు, బిల్లు వేస్తే పన్ను కట్టాల్సిందే. 60 లక్షల మీద 18 శాతం, అంటే నెలకు 10 లక్షల 80 వేలు. ఉక్కు మీద కట్టిన పన్ను తీసేసుకుని మిగతాది జేబులోంచి పోతుంది. ఇక బ్యాంకు సీసీ లిమిట్, అంటే రోజువారీ అవసరాలకు వాడుకునే అప్పు పరిమితి. అందులో ఎంత వాడుకోవచ్చన్నది నెలనెలా ఇచ్చే స్టాక్, బాకీల స్టేట్‌మెంట్‌ను బట్టి తేలుతుంది. చాలా బ్యాంకులు 90 రోజులు దాటిన బాకీలను ఆ లెక్కలోంచి తీసేస్తాయి. బాకీల మీద 40 శాతం మార్జిన్ పోను లెక్కేస్తే 1 కోటి 20 లక్షలకు వచ్చే డ్రాయింగ్ పవర్ (వాడుకోగల సొమ్ము) 72 లక్షలు, అది ఒక్కసారిగా మాయం. లిమిట్ దాటి వాడినట్టు అకౌంట్ ఎర్రగా మారుతుంది, అలాగే 90 రోజులు ఉంటే మొండిబాకీ ముద్ర. ఆ షాపు తప్పు ఒక్కటీ లేదు.

డైల (ముక్కలకు ఆకారమిచ్చే అచ్చుల) సంగతి ఇంకా చిక్కు. 40 లక్షలు పెట్టి చేయించిన డై ఖర్చును చాలాసార్లు ఒకేసారి ఇవ్వరు, ముక్కకు ఇంత అని ధరలో కలుపుతారు. 5 లక్షల ముక్కలు తీస్తామన్న అంచనాతో ముక్కకు 8 రూపాయలు. లక్షన్నర ముక్కలయ్యాక మోడల్ ఆగిపోతే రాబట్టింది 12 లక్షలు, ఇరుక్కున్నది 28 లక్షలు. ఆ డై కంపెనీదని వాళ్ళు, బాకీ తీరేదాకా కదలనివ్వమని వీళ్ళు. ఫ్యాక్టరీ కొనడానికి ఎవరైనా వచ్చినా డైలు చేతికి రాకుండా కారు తయారు కాదు, ఆ బేరం ఇక్కడే నెలలు పడుతుంది.

ఇదే ప్రెస్ షాపు మిగతా 40 లక్షల పని బాగా నడుస్తున్న ఇంకో కార్ల కంపెనీకి చేస్తోందనుకోండి. షాపు మూతపడితే ఆ బాగున్న కంపెనీ లైను కూడా ఆగుతుంది. కార్ల ఫ్యాక్టరీలు చాలా భాగాలకు కొన్ని గంటల నిల్వతోనే నడుస్తాయి. కార్ల కంపెనీని ఆదుకోవాలన్న వాదనలన్నింటిలో నిజంగా బరువున్నది ఇదొక్కటే. 2008లో అత్యవసర అప్పు తీసుకోని ఫోర్డ్, తన పోటీదార్లు జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్‌లను ఆదుకోమని అమెరికా కాంగ్రెస్ ముందు మాట్లాడింది ఇందుకే. ముగ్గురి వెండర్లూ చాలావరకు ఒక్కరే.

అమెరికా చేసింది ఏమిటి

2008 డిసెంబర్‌లో బుష్ ప్రభుత్వం బ్యాంకుల కోసం కేటాయించిన నిధి నుంచి 1,740 కోట్ల డాలర్లు తీసి జీఎంకు 1,340, క్రైస్లర్‌కు 400 ఇచ్చింది. అది ఊపిరి పోయడానికే. అసలు పని ఒబామా ప్రభుత్వం వచ్చాక జరిగింది. 2009 మార్చి చివర రెండు కంపెనీల ప్రణాళికలనూ తిప్పికొట్టారు, జీఎం సీఈఓను తప్పుకోమన్నారు. క్రైస్లర్ ఏప్రిల్ 30న, జీఎం జూన్ 1న దివాలా కోర్టుకెక్కాయి.

అక్కడ ప్రయోగించిన కిటుకు మనకు పనికొచ్చేది. పనికొచ్చే ఫ్యాక్టరీలు, బ్రాండ్లు, కాంట్రాక్టులు తీసి ప్రభుత్వ డబ్బుతో పెట్టిన కొత్త కంపెనీకి అమ్మేశారు. పాత అప్పులు, మూసేయాల్సిన ప్లాంట్లు పాత కంపెనీలో వదిలేశారు. జీఎంకు ఇది 40 రోజుల్లో పూర్తయింది. పాత వాటాదారులకు సున్నా. కొత్త జీఎంలో అమెరికా ప్రభుత్వానికి 60.8 శాతం, కెనడా ప్రభుత్వాలకు 11.7, కార్మికుల ఆరోగ్య ట్రస్టుకు 17.5, బాండ్లు కొన్నవాళ్ళకు 10 శాతం. పాంటియాక్, శాటర్న్, హమ్మర్ బ్రాండ్లు మూతపడ్డాయి, సాబ్‌ను అమ్మేశారు. వందల డీలర్‌షిప్‌లు పోయాయి.

పేపర్లలో పెద్దగా రాని రెండు చిన్న పథకాలున్నాయి. అసలు కంటే అవే చురుగ్గా పనిచేశాయని మా అంచనా. ఒకటి, దివాలా నడుస్తున్నప్పుడు అమ్మిన కార్ల వారంటీకి ప్రభుత్వమే పూచీ నిలబడింది. రెండోది, వెండర్ల బిల్లులకు హామీగా 500 కోట్ల డాలర్ల దాకా కేటాయించారు. వాడింది 41 కోట్ల డాలర్ల చిల్లర మాత్రమే, అదీ తిరిగొచ్చింది. హామీ ఉందని తెలియగానే సగం భయం పోయింది. పై లెక్కలో 900 నుంచి 1,800కి పెరిగిన భాగం సరిగ్గా ఈ భయమే.

మొత్తం కార్యక్రమానికి దాదాపు 8,000 కోట్ల డాలర్లు పెట్టి 930 కోట్ల దాకా పోగొట్టుకున్నారు. ఇది తక్కువా ఎక్కువా అన్నది మనం దేనితో పోలుస్తామన్న దాని మీద ఉంటుంది. డెట్రాయిట్ కంపెనీలు మూడూ (జీఎం, ఫోర్డ్, క్రైస్లర్) పూర్తిగా మూతపడితే మొదటి ఏడాది దాదాపు 30 లక్షల ఉద్యోగాలు పోతాయని సెంటర్ ఫర్ ఆటోమోటివ్ రీసెర్చ్ అప్పట్లో లెక్క కట్టింది. అలాంటి అంకెలను ఆదుకోమనేవాళ్ళు ఎప్పుడూ ముందుకు తోస్తారు. ఏ ఫ్యాక్టరీనీ ఎవరూ కొనరన్న ఊహ మీద నిలబడిన అంకె అది. నిజానికి మంచి ప్లాంట్లకు కొనేవాళ్ళు ఉంటారు. అయితే 2009 వసంతంలో ఏ బ్యాంకూ ఎవరికీ అప్పిచ్చే స్థితిలో లేదు, కాబట్టి ఆ ఏడాది వరకు ఆ భయం పూర్తిగా ఉత్తిది కూడా కాదు.

నష్టపోయినవాళ్ళను కూడా చెప్పుకోవాలి. క్రైస్లర్‌కు తాకట్టు మీద అప్పిచ్చినవాళ్ళకు డాలర్‌కు 29 సెంట్లే వచ్చాయి, ఇండియానా రాష్ట్ర పింఛను నిధులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయాయి. జీఎంకు విడిభాగాలు చేసే డెల్ఫీలో యూనియన్ కార్మికుల పింఛన్లకు జీఎం డబ్బు కలిపి నిలబెట్టింది, యూనియన్‌లో లేని ఉద్యోగులవి కోతకు గురయ్యాయి. ఎవరి గొంతు గట్టిగా ఉంటే వాళ్ళకు వంతు పెరుగుతుంది. సర్కారు ఆదుకునే ఏ పథకంలోనైనా ఇది తప్పదు.

ఇదే క్రైస్లర్‌ను 1979లోనూ ఆదుకున్నారు. అప్పుడు చేతికి నగదు ఇవ్వలేదు, 150 కోట్ల డాలర్ల అప్పులకు పూచీకత్తు ఇచ్చి, బదులుగా వాటాలు కొనుక్కునే హక్కు పత్రాలు రాయించుకున్నారు. 1983లో గడువుకు ఏడేళ్ళ ముందే కంపెనీ అప్పు తీర్చేసింది, పత్రాల మీద ఖజానాకు 31 కోట్ల డాలర్లు వచ్చాయి. ముప్పై ఏళ్ళకు అదే కంపెనీ మళ్ళీ గుమ్మంలో నిలబడింది. ఆదుకుంటారులే అన్న ధీమా ఎక్కడికి తీసుకెళ్తుందో చూపడానికి విమర్శకులు ఎత్తిచూపే ఉదాహరణ ఇదే. పూర్తిగా కాదనలేం.

ఓడిన కథలు

బ్రిటన్ 1975లో బ్రిటిష్ లేలాండ్‌ను జాతీయం చేసింది. పదమూడేళ్ళు ఖజానా డబ్బు పోసి 1988లో బ్రిటిష్ ఏరోస్పేస్‌కు 15 కోట్ల పౌండ్లకు అమ్మింది. అక్కడి నుంచి బీఎండబ్ల్యూ, తర్వాత 10 పౌండ్లకు ఒక స్థానిక బృందం, చివరికి 2005 ఏప్రిల్‌లో ఎంజీ రోవర్ పేరుతో మూత. ఆరు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఏళ్ళ తరబడి మంచి కారు రాకపోవడమే ఆ జబ్బు. డబ్బు పోయడం వల్ల ఆ నిజం ఒప్పుకోవడం ఆలస్యమైంది. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే ఎంజీ కార్లకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. అవి తయారయ్యేది జీఎం వదిలేసి వెళ్ళిన గుజరాత్‌లోని హాలోల్ ఫ్యాక్టరీలో. మునిగిన ఒక కంపెనీ పేరు, ఇంకో కంపెనీ వదిలేసిన ఫ్యాక్టరీ ఏరుకుని నిలబడిన వ్యాపారం అది.

స్వీడన్ ప్రభుత్వం సాబ్‌ను కొనబోనని 2009లోనే చెప్పేసింది, 2011 చివర కంపెనీ దివాలా తీసింది. ఆస్ట్రేలియాలో 2016లో ఫోర్డ్, 2017లో టయోటా, హోల్డెన్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, సబ్సిడీలు ఏళ్ళ తరబడి ఇచ్చినా. ఫ్రాన్స్ మాత్రం 2014లో ప్యూజో కంపెనీలో 80 కోట్ల యూరోలకు 14 శాతం కొని, 2017లో ఆ వాటాను 192 కోట్లకు మరో ప్రభుత్వ బ్యాంకుకు బదలాయించింది. అప్పటికే కంపెనీలో కొత్త సీఈఓ ఖర్చులు కోసి, మోడళ్ళు తగ్గించాడు.

తాజా ఉదాహరణ టాటాల జాగ్వార్ ల్యాండ్ రోవర్. 2025 సెప్టెంబర్ మొదట్లో సైబర్ దాడి జరిగి ఫ్యాక్టరీలు దాదాపు ఐదు వారాలు ఆగాయి. బ్రిటన్ ప్రభుత్వం 150 కోట్ల పౌండ్ల అప్పుకు పూచీకత్తు ప్రకటించింది. అప్పు కంపెనీకి, ఆకలి వెండర్లకు. ఆ సొమ్ము కిందికి ఎప్పుడు దిగుతుందని చిన్న యూనిట్లు గోలపెట్టాక, వెండర్లకు ముందస్తు చెల్లింపులు చేసే ఏర్పాటు కంపెనీయే అక్టోబర్‌లో తెచ్చింది.

మన దగ్గర

సర్కారు ఆదుకోవడం అంటే హైదరాబాద్‌కు గుర్తొచ్చేది సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడింది. రెండు రోజుల్లో కేంద్రం బోర్డును రద్దు చేయించి, ఇంకో రెండు రోజులకు కొత్త డైరెక్టర్లను వేసింది. వాళ్ళు బ్యాంకుల నుంచి అప్పు తెచ్చి జీతాలిచ్చారు, ఏప్రిల్ 13న వేలంలో టెక్ మహీంద్రా వాటా ఒక్కింటికి 58 రూపాయలకు గెలుచుకుంది. ఖజానా నుంచి రూపాయి పోలేదు. ప్రభుత్వం పెట్టింది నమ్మకాన్ని. (ఆల్విన్ నిస్సాన్, సత్యం రెండూ చివరికి మహీంద్రా గూటికే చేరడం కాకతాళీయమే కావచ్చు.) అయితే సత్యం దగ్గర ఉన్నది మనుషులు, కంప్యూటర్లు, క్లయింట్లు. లారీల్లో సరుకు పంపి 60 రోజులు ఆగే వెండర్లు లేరు. ఆ మందు కార్ల కంపెనీకి యథాతథంగా పనిచేయదు.

మారుతిని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1971లో పెట్టిన పాత మారుతి కంపెనీ కోర్టు ద్వారా లిక్విడేషన్‌కు (ఆస్తులు అమ్మి మూసేయడానికి) వెళ్ళాక, 1980లో పార్లమెంటు చట్టం చేసి దాని ఆస్తులు స్వాధీనం చేసుకుంది. 1981లో మారుతి ఉద్యోగ్, 1982లో సుజుకీ ఒప్పందం, 1983 డిసెంబర్‌లో మొదటి కారు. 2007 నాటికి ప్రభుత్వం పూర్తిగా బయటికొచ్చింది, లాభంతో. ప్రభుత్వం కాపాడితే ఇలా ఉంటుందని దీన్ని చూపించేవాళ్ళు ఒకటి మరిచిపోతారు. పాత కంపెనీ నుంచి మిగిల్చుకున్నది గుర్గావ్ స్థలం, షెడ్లు, పేరు. కారు, ఇంజిన్, పని పద్ధతి, యాజమాన్యం అన్నీ కొత్తవే. కొత్త పోటీ రాకుండా లైసెన్సు గోడ కూడా ఉండేది.

అంబాసిడర్ మీద ఇప్పటికీ పోయిన బర్రెకు పాలెక్కువ అన్నట్టు మాట్లాడతాం. 2014 మేలో హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగేనాటికి ఆ కారు ఏడాదికి రెండు వేల చిల్లరే అమ్ముడవుతోంది. కొనేవాళ్ళను పుట్టించడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పదేళ్ళలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం, ఏడాదికి నాలుగు లక్షల కార్ల సామర్థ్యంలో వాడకం ఐదో వంతు. కార్ల ప్లాంటు ఖర్చులు రావాలంటే మామూలుగా 70 శాతం పైనే నడవాలి. సణంద్ ప్లాంటును టాటా మోటార్స్ 725.7 కోట్లకు కొన్నది. అర్హులైన ఉద్యోగులందరినీ తీసుకుంటామని ఒప్పుకుంది. గుజరాత్ ప్రభుత్వం మూడో పక్షంగా సంతకం చేసింది, అనుమతులు త్వరగా కదిలాయి. చెన్నై ప్లాంటుకు అలాంటి కొనుగోలుదారు దొరకలేదు, కార్మికులు పరిహారం తీసుకుని ఇంటికెళ్ళారు. నలిగిపోయిన ఇంకో వర్గం డీలర్లు. షోరూముకు పెట్టిన పెట్టుబడి పోతే కంపెనీని నిలదీయడానికి మన దేశంలో ప్రత్యేక డీలర్ చట్టమే లేదు.

దివాలా చట్టం చాలదా?

2016 దివాలా స్మృతి ఉంది కదా, సర్కారుకు ఏం పని అనేది సబబైన ప్రశ్నే. కోటి రూపాయలు ఎగ్గొడితే ట్రిబ్యునల్‌కు ఎక్కొచ్చు. గడువు 180 రోజులు, పొడిగిస్తే 270, కేసులతో కలిపి 330. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. సిమెంటు, ఉక్కు ప్లాంట్లకు ఇది సరిపోతుంది. కొలిమి ఆర్పకుండా నడుపుతూ ఉంటే కొనేవాడు వస్తాడు, ఉక్కు కొనే కస్టమర్‌కు వారంటీ గొడవ లేదు. కారుకు అలా కాదు. దివాలా కోర్టులో ఉన్న కంపెనీ కారు ఏడాది పాటు ఎవరూ కొనరు, 330 రోజులు పూర్తయ్యేసరికి అమ్మడానికి యంత్రాలు, స్థలం మాత్రమే మిగులుతాయి.

రెండో లోపం, వెండర్ల స్థానం. నిర్ణయాలు తీసుకునే రుణదాతల కమిటీలో ఓట్లు ప్రధానంగా బ్యాంకులవి, ప్రణాళిక నెగ్గాలంటే 66 శాతం కావాలి. సరుకిచ్చిన వెండర్‌కు ఓటు లేదు. లిక్విడేషన్ జరిగితే వరస ఇదీ: ప్రక్రియ ఖర్చులు, ఆ తర్వాత 24 నెలల కార్మికుల బకాయిలూ తాకట్టు రుణదాతలూ సమానంగా, మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు, తాకట్టు లేని ఆర్థిక రుణాలు, ప్రభుత్వ బకాయిలు, ఆ తర్వాత మన ప్రెస్ షాపు. అక్కడిదాకా ఏమీ మిగలదు. సూక్ష్మ, చిన్న యూనిట్లకు 45 రోజుల్లో చెల్లించాలన్న చట్టం ఉంది, కానీ చేతిలో డబ్బే లేనివాడి మీద అది ఏం పనిచేస్తుంది?

డబ్బు తీసే ముందు అడగాల్సింది

కంపెనీ చేతులెత్తేసి సచివాలయానికి వచ్చినప్పుడు అడగాల్సిన మొదటి కాగితం 13 వారాల నగదు పట్టిక: వారం వారం ఎంత వస్తుంది, ఎవరికి ఎంత పోతుంది. బ్యాలెన్స్ షీటు అప్పటికి పాతబడి ఉంటుంది, దాంతో పని లేదు. ఈ పట్టిక ఇవ్వలేని కంపెనీతో ఆ రోజుకు చర్చ ముగించడమే మంచిది. రెండో కాగితం, ఇంకెక్కడా దొరకని భాగాలు చేసే వెండర్ల జాబితా, డైలు ఎవరి దగ్గర ఏ స్థితిలో ఉన్నాయో సహా.

ఆ తర్వాత జబ్బు ఏమిటో తేల్చాలి. బ్యాంకు అప్పులు మొత్తం రద్దయితే ఒక్కో కారు మీద డబ్బు మిగులుతుందా? మిగిలితే జబ్బు అప్పుదే, నష్టం వాటాదార్లు, బ్యాంకులు భరించాలి, ఖజానా కాదు. అప్పులు లేకపోయినా మిగలకపోతే జబ్బు కారుదే, అంబాసిడర్‌లాగా, లేలాండ్‌లాగా. అక్కడ పెట్టే ప్రతి రూపాయీ కార్మికుల చేతికే నేరుగా ఇవ్వడం మేలు. చట్టప్రకారం పనిచేసిన ఏడాదికి 15 రోజుల సగటు వేతనమే పరిహారం. నెలకు 30,000 సంపాదించే మనిషికి పదేళ్ళ సర్వీసుకు లక్షన్నర దాటి పెద్దగా రాదు, కాంట్రాక్టు కూలీకి అదీ అనుమానమే. 2025 నవంబర్‌లో అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లో తీసేసిన కార్మికుడికి కొత్త పని నేర్పే నిధికి యజమాని మరో 15 రోజుల వేతనం జమ చేయాలన్న నియమం ఉంది. అంతకు మించి ఇవ్వడానికి రాష్ట్రాలకు అడ్డేం లేదు.

ఇక మూడో రకం: కారు బాగుంది, అప్పు భరించగలిగేదే, బయటి దెబ్బకు అమ్మకాలు స్తంభించాయి. 2008 సంక్షోభం, 2020 లాక్‌డౌన్, సైబర్ దాడి. పై లెక్కలోని 900 కోట్లు ఇలాంటప్పుడే సర్దాలి, అదీ ఆరు నెలల గడువుతో, మార్కెట్ వడ్డీకి, మిగతా అప్పులన్నింటికంటే ముందు తీర్చాలన్న షరతుతో, వాటాలు కొనే హక్కు పత్రాలు రాయించుకుని. సొమ్ము కంపెనీ ఖాతాలో పడకూడదు. వెండర్ల బిల్లులను డిస్కౌంట్ చేసే (గడువుకు ముందే కొంత తగ్గించుకుని సొమ్మిచ్చే) ట్రెడ్స్ వేదికలు మనకు ఇప్పటికే ఉన్నాయి. వాటి మీద పడే బిల్లులకు ప్రభుత్వం పూచీ ఇస్తే డబ్బు నేరుగా జీడిమెట్లకు చేరుతుంది, మధ్యలో బోర్డు రూములో ఆగదు.

రాష్ట్రాలకు ఇంకో బెదిరింపు ఎదురవుతుంది: మీరు ఇవ్వకపోతే పక్క రాష్ట్రానికి పోతాం. కియా పెనుకొండకు వచ్చినప్పటి నుంచి రెండు తెలుగు రాష్ట్రాలకూ ఈ పోటీ మరింత తెలిసొచ్చింది. కొత్త ఫ్యాక్టరీ విషయంలో బెదిరింపుకు బలం ఉంటుంది. పాత ఫ్యాక్టరీ విషయంలో ఉండదు, పెయింట్ షాపును లారీలో ఎత్తుకుపోలేరు.

ఇంకా, చేతికి నగదు ఇవ్వని ఆదరువులు ఇప్పటికే బోలెడు నడుస్తున్నాయి. తయారై వచ్చే విదేశీ కార్ల మీద ఏళ్ళ తరబడి 60 నుంచి 100 శాతం దాకా సాగిన సుంకం, 2021లో ప్రకటించిన 25,938 కోట్ల ఉత్పత్తి ప్రోత్సాహకం, 2025 సెప్టెంబర్‌లో చిన్న కార్ల మీద 18 శాతానికి తగ్గిన జీఎస్టీ. వీటికి ఎవరూ బెయిలవుట్ అనే పేరు పెట్టరు. కొనుగోలుదారు, పన్ను కట్టేవాడు ఇప్పటికే చాలా ఇస్తున్నారు కనుక, ఇంకొంచెం అని వచ్చే కంపెనీని రెండు ప్రశ్నలు ఎక్కువ అడగడంలో తప్పు లేదు.

వీటన్నింటికంటే ముందు, ఏ కంపెనీ మునగకముందే చేసి పెట్టుకోవాల్సిన పని ఒకటుంది. మన జీఎస్టీ చట్టంలో రాని బాకీకి మినహాయింపు లేదు. ప్రెస్ షాపు ఆ 1 కోటి 20 లక్షల మీద వేసిన 21 లక్షల 60 వేల పన్ను, బిల్లు సొమ్ము ఎన్నటికీ రాకపోయినా కట్టాల్సిందే. కొనుగోలుదారు దివాలాకు వెళ్ళి, అక్కడి రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా ప్రక్రియ నడిపే నిపుణుడు) బాకీని ఒప్పుకున్న రోజున ఆ పన్ను భాగం వెండర్‌కు తిరిగి జమ అయ్యేలా సవరణ తేవచ్చు. ఆ ప్రతిపాదన పెట్టాల్సిన చోటు జీఎస్టీ కౌన్సిల్. అందులో ప్రతి రాష్ట్రం నుంచీ ఒక మంత్రి ఉంటారు, తెలంగాణ నుంచి కూడా.